పుర్రె తెరిచి ఎక్కాలు అడిగారు

"నొప్పి పుట్టలేదా?" మెలకువగా ఉంచి నా మెదడుకు చేసిన ఆపరేషన్ సంగతి విన్నవాళ్ళందరూ మొదట అడిగేది ఇదే. ఆ వెంటనే, "భయం వేయలేదా?" అంటారు.

మొదటిదానికి జవాబు సులువు. మెదడుకు నొప్పి తెలియదు. కాలికి ముల్లు గుచ్చుకుంటే నొప్పి అని మనకు చెప్పేది మెదడే గానీ, దాన్నే కోస్తుంటే చెప్పడానికి అందులో నొప్పి నరాలు లేవు. నొప్పంతా తలమీది చర్మానిది, దాని కింద కండరానిది, ఎముకను అంటిపెట్టుకున్న పొరది, మెదడు చుట్టూ ఉండే డ్యూరా అనే మందపాటి పొరది. వాటిని మొద్దుబారిస్తే లోపల ఏం చేస్తున్నా మనకు తెలియదు. రెండో ప్రశ్నకు మాత్రం ఒక్క మాటలో జవాబు లేదు. భయం వేసింది, కానీ జనం అనుకునే చోట కాదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఒకసారి బోర్డు ముందు మాట్లాడుతూ ఉండగా మాట ఆగిపోయింది. చెప్పాల్సింది మనసులో ఉంది, నోరు మాత్రం కదలడం లేదు. పెదవి కుడి చివర సన్నగా అదిరింది. అర నిమిషంలో అంతా మామూలే. నేనేదో ఆలోచిస్తున్నానని పిల్లలు అనుకున్నారు. అలా అప్పుడప్పుడూ అవుతూ వచ్చింది. ఒకసారి మా చెల్లెలితో ఫోన్లో ఉండగా అయింది. అది ఊరుకునే రకం కాదు, వెంటబడి న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళింది. ఫిట్స్ అంటే కింద పడి కాళ్ళూ చేతులూ కొట్టుకోవడమే కాదట. ఇలా మాట ఆగడం, మూతి అదరడం కూడా ఫిట్సేనట. ఎమ్మారై తీస్తే మెదడు ఎడమ పక్క, ముందు భాగంలో కిందుగా ఒక తెల్లని మచ్చ కనిపించింది. తక్కువ గ్రేడు గ్లయోమా అయి ఉండొచ్చు అన్నారు. నెమ్మదిగా పెరిగే ట్యూమర్. నెమ్మదైనదే గానీ వదిలేస్తే ఎప్పటికో స్వభావం మార్చుకుని వేగం అందుకుంటుంది.

గ్లయోమాతో వచ్చిన చిక్కేమిటంటే దానికి అంచు ఉండదు. గోడకు పట్టిన చెమ్మ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో గీత గీసి చూపించలేం కదా, ఇదీ అంతే. మంచి మెదడులోకి కణాలు పాకిపోయి ఉంటాయి. పైగా నాది ఉన్న చోటు మాటకు సంబంధించినది. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు, ఏమడిగినా "తాన్" అని తప్ప పలకలేని ఒక రోగి చనిపోయాక మెదడు పరీక్షించి, దెబ్బతిన్న చోటు ఎడమ ముందు భాగంలో ఉందని చూపించాడు. అప్పటినుంచి ఆ చోటికి ఆయన పేరే. నా మచ్చ సరిగ్గా ఆ పక్కనే.

మొదట కలిసిన ఒక సర్జన్ స్కాన్ చూసి, "దీన్ని ముట్టుకుంటే మాట పోతుంది, ముట్టుకోకపోతే ఎప్పటికైనా పెరుగుతుంది, మీ ఇష్టం" అన్నారు. అది సలహానో శాపమో నాకు అర్థం కాలేదు. అక్కడినుంచి లేచి వచ్చేశాం.

రెండో సర్జన్ స్కాన్ గురించి మాట్లాడింది తక్కువ, నన్ను అడిగింది ఎక్కువ. ఇంట్లో ఏ భాష, క్లాసులో ఏ భాష, లెక్క మనసులో వేసుకునేటప్పుడు ఏ భాష? కుడిచేతి వాటమా? బోర్డు మీద రాస్తూనే మాట్లాడతారా, రాశాక తిరిగి మాట్లాడతారా? నేను పాఠం ఇంగ్లీషులో చెబుతాను, లెక్క మాత్రం తెలుగులోనే వేసుకుంటాను. ఎక్కాలు తెలుగులో వచ్చినంత వేగంగా ఇంగ్లీషులో రావు. ఇదంతా ఆయన రాసుకున్నారు. చివర్లో, "ఏది పోతే మీకు అస్సలు కుదరదు?" అన్నారు.

"క్లాసు ముందు నిలబడి మాట్లాడటం."

"కుడి చేతి వేళ్ళు కాస్త మొద్దుబారితే?"

"సర్దుకుంటాను."

"పుస్తకం చదవడం నెమ్మదిస్తే?"

దానికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆలోచించుకుని చెప్పమన్నారు. ట్యూమర్ ఎంత తీయాలన్నది ఆయన ఒక్కరే తేల్చే విషయం కాదని, అందులో నాకూ వాటా ఉందని అప్పుడే మొదటిసారి అర్థమైంది.

ఆపరేషన్ మెలకువగా ఉంచి చేస్తామని ఆయన అన్నప్పుడు మా ఆయన ముఖం పాలిపోయింది. "నిద్రలోనే కానిచ్చేయొచ్చు కదండీ" అన్నారు. సర్జన్ చెప్పిన మాట నాకిప్పటికీ గుర్తుంది. "నిద్రలో చేస్తే రెండే జరుగుతాయి. భయపడి తీయగలిగింది కూడా తీయకుండా ముందే ఆగిపోతాను, లేదంటే తెలియక దాటిపోతాను. టీచర్ గారు మాట్లాడుతుంటే ఎక్కడ ఆగాలో ఆవిడే చెబుతారు."

మరి అంత మంచి స్కానింగులు ఉన్నాయి కదా, మాట చోటు వాటిలో కనిపించదా అని అడిగాను. ఫంక్షనల్ ఎమ్మారై అని నాకూ చేశారు. యంత్రంలో పడుకుని మాటలు తలుచుకుంటుంటే ఏయే భాగాలకు రక్తం ఎక్కువగా వెళ్తోందో అందులో రంగుల్లో వస్తుంది. అది పనికొచ్చేదే, కానీ అందులో వెలిగిన ప్రతి చోటూ మాటకు తప్పనిసరి కాదు. కొన్ని సాయానికి వచ్చినవి మాత్రమే. ఏది తీస్తే మాట ఆగుతుందో అది చెప్పదు. పైగా పుర్రె తెరిచాక లోపలి ద్రవం కారిపోయి మెదడే కాస్త కుంగుతుంది. ముందురోజు తీసిన బొమ్మకూ అప్పటి మెదడుకూ తేడా వచ్చేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, మాట అందరికీ ఒకే చోట ఉండదు. సియాటిల్‌లో జార్జ్ ఓజెమన్ అనే సర్జన్ 117 మందిని ఆపరేషన్లలో పరీక్షించి 1989లో ప్రచురించాడు. మాటకు కీలకమైన చోట్లు చిన్నచిన్నవిగా, మనిషికో తీరున ఉన్నాయి. పాఠ్యపుస్తకంలోని బొమ్మను నమ్మి కోయడానికి లేదన్నమాట.

లెక్కల టీచర్ని కాబట్టి అంకెలు కూడా అడిగాను. 2012లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణలో 8,091 మంది గ్లయోమా రోగుల లెక్కలు కలిపి చూశారు. మెదడును సన్నని కరెంటుతో తాకి ఏ చోటు ఏ పని చేస్తోందో పరీక్షిస్తూ చేసినచోట శాశ్వతంగా తీవ్రమైన లోపం మిగిలినవాళ్ళు 3.4 శాతం, పరీక్షించకుండా చేసినచోట 8.2 శాతం. ఇది వేర్వేరు ఆస్పత్రుల లెక్కలు కలిపి కట్టింది, చీటీలేసి రోగుల్ని రెండు గుంపులు చేసింది కాదు. అందరూ మెలకువగా ఉన్నవాళ్ళు కూడా కారు. కాళ్ళూ చేతుల కదలికల్ని నిద్రలో కూడా పరీక్షించవచ్చు, మాటకే మెలకువ తప్పదు. ఇన్ని పట్టింపులు పెట్టుకుని చూసినా ఆ తేడా చిన్నది కాదనిపించింది. సరే అన్నాను.

ఈ ఆపరేషన్ అందరికీ కుదరదని కూడా చెప్పారు. ఇప్పటికే మాట బాగా దెబ్బతిన్నవాళ్ళకు పరీక్షించడానికి ఏమీ మిగలదు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవాళ్ళకు, కదలకుండా పడుకోలేనివాళ్ళకు, లోపల ఒత్తిడి బాగా పెరిగిపోయినవాళ్ళకు ప్రమాదం ఎక్కువ.

అసలు పని ఆపరేషన్ రోజు కాదు, అంతకు ముందు వారాల్లో జరిగింది. దాని గురించి ఎవరూ అడగరు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. మాట, జ్ఞాపకం లాంటి మెదడు పనుల్ని పరీక్షించే న్యూరోసైకాలజిస్టు ఒక అమ్మాయి, మా పెద్ద విద్యార్థుల వయసులా కనిపించేది. లాప్‌టాప్‌లో బొమ్మలు చూపించేది. గొడుగు, నిచ్చెన, కత్తెర, తాబేలు, తాళంచెవి. ఒక్కో బొమ్మ దాదాపు 4 సెకన్లు ఉంటుంది. దాన్ని చూసి ఊరికే పేరు చెప్పకూడదు, "ఇది గొడుగు", "ఇది నిచ్చెన" అనాలి. ఈ "ఇది" ఎందుకు తగిలించారో మొదట తెలియలేదు. తర్వాత ఆ అమ్మాయే చెప్పింది. "ఇది" కూడా రాకపోతే పలకడమే ఆగిందని అర్థం. "ఇది" వచ్చి పేరు రాకపోతే నోరు బాగానే ఉంది, పేరు దొరకడం లేదని అర్థం. రెండూ మెదడులో వేర్వేరు సంగతులు, సర్జన్ రెండిటికీ వేర్వేరుగా స్పందించాలి. రెండక్షరాల మాటతో ఎంత పని జరుగుతోందో చూశాక ఆ అమ్మాయి మీద గౌరవం పెరిగిపోయింది.

ఒక బొమ్మకు నేను ఒకరోజు "గిన్నె" అన్నాను, ఇంకోరోజు "తపేలా" అన్నాను. వెంటనే దాన్ని తీసేసింది. తడుముకున్న బొమ్మలన్నీ తీసేసింది. "అక్కడ మీరు తడబడితే అది కరెంటు వల్లనా, మీ అలవాటు వల్లనా అని ఆలోచించుకునే టైం ఉండదు మేడమ్" అంది. చివరికి కళ్ళు మూసుకుని కూడా చెప్పగలిగేంత గట్టిగా వచ్చే బొమ్మలే మిగిలాయి. ఇంగ్లీషుకు వేరే సెట్టు తయారు చేసింది. రెండు భాషలు వచ్చినవాళ్ళకు కొన్ని చోట్ల ఒక భాష ఆగి రెండోది ఆగకపోవడం ఓజెమన్, విటేకర్ అనేవాళ్ళు 1978లోనే చూశారట. కాబట్టి తెలుగులో బాగుంది కదా అని ఇంగ్లీషు కూడా బాగుంటుందని అనుకోకూడదు. ఎక్కాలు మాత్రం నేనే అడిగి పెట్టించుకున్నాను.

మత్తు డాక్టరు గారు వేరేగా వచ్చి కూర్చున్నారు. పెద్దావిడ. ఏమేం తెలుస్తుందో, ఏం తెలియదో ఒక్కటీ దాచకుండా చెప్పారు. మొదట నిద్రపుచ్చుతారు. చర్మం, ఎముక తెరవడం అంతా అప్పుడే. తర్వాత లేపుతారు. పని అయ్యాక మళ్ళీ నిద్ర. "మధ్యలో నావల్ల కాదనిపిస్తే చెప్పమ్మా, నిద్రపుచ్చేస్తాను. అప్పుడు ఆయన జాగ్రత్తగా ఎంతవరకు చేయగలరో అంతవరకే చేస్తారు. నువ్వు ఓడిపోయినట్టేం కాదు" అన్నారు. ఆ మాట విన్నాకే నాకు టెన్షన్ సగం తగ్గింది. బయటికి దారి ఉందని తెలిస్తే లోపల ఎంతసేపైనా కూర్చోగలం.

ఆపరేషన్ రోజు నాకు గుర్తున్న మొదటి సంగతి ఆవిడ గొంతే. "కళ్ళు తెరువమ్మా, నీ పేరు చెప్పు." నోరు ఎండిపోయి ఉంది. ఎడమ పక్క పైకి ఉండేలా కుడివైపుకు తిప్పి పడుకోబెట్టారు. తలను మూడు పిన్నుల బిగింపులో బిగించారు. దాన్ని మేఫీల్డ్ క్లాంప్ అంటారు. పిన్నులు గుచ్చిన చోట నొప్పి లేదు, ఎందుకంటే నిద్రలో ఉండగానే తల చుట్టూ నరాల దగ్గర బ్యుపివకైన్ అనే మొద్దుబార్చే మందు ఇంజక్షన్లు ఇచ్చేశారు. కానీ తల వెంట్రుకవాసి కూడా కదలదు. అది వింత అనుభవం. మెడ ఉందని తెలుస్తుంది, తిప్పాలనిపిస్తుంది, తిరగదు. ముక్కు దురద పెట్టింది. అంత పెద్ద ఆపరేషన్‌లో నేను అడిగిన మొదటి సాయం ముక్కు గోకమని. గోకారు.

నా ముఖం ముందు పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ తెర ఒక గుడారంలా కట్టి ఉంది. అందులోంచి మత్తు డాక్టరు గారు, లాప్‌టాప్‌తో ఆ అమ్మాయి కనిపిస్తున్నారు. సర్జన్ గొంతు మాత్రమే నా వెనకనుంచి వినిపిస్తుంది. థియేటర్ తలుపుకు "రోగి మెలకువగా ఉన్నారు" అని బోర్డు పెట్టారని తర్వాత తెలిసింది. లోపలికి వచ్చేవాళ్ళు నోరు జాగ్రత్తగా పెట్టుకోవాలని. నిజంగానే ఎవరూ గట్టిగా మాట్లాడలేదు, ఒక్కరూ "అయ్యో" అనలేదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, తల తెరిచి ఉన్న మనిషి చెవిన "అయ్యో" పడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

డ్యూరాను తెరిచేటప్పుడు ఎడమ కన్ను వెనక ఏదో లాగినట్టు నొప్పి వచ్చింది. చెప్పాను. పని ఆపి మత్తుమందులో తడిపిన దూది అక్కడ కాసేపు పెట్టారు. తగ్గింది. మొత్తం ఆపరేషన్‌లో తల నొప్పి అంటే అదొక్కటే. మిగతా అవస్థ అంతా కుడి భుజానిది. గంటలకొద్దీ దాని మీదే బరువంతా పడింది. మెదడు తెరిచి ఉండగా మనిషి భుజం గురించి సణుగుతుంటుందని ఎవరైనా చెబితే నేను నమ్మేదాన్ని కాదు.

తర్వాత మొదలైంది అసలు పరీక్ష. సర్జన్ చేతిలో చిన్న ఫోర్కులాంటి పరికరం. రెండు కొసలు, మధ్య దూరం 5 మిల్లీమీటర్లు. దాన్ని మెదడు ఉపరితలం మీద నాలుగు సెకన్లకు మించకుండా ఆనిస్తారు. సెకనుకు 60 సార్లు వచ్చే సన్నని కరెంటు. ఒకటి రెండు మిల్లీయాంపియర్లతో మొదలుపెట్టి, ఏదో ఒక స్పందన వచ్చేదాకా కొద్దికొద్దిగా పెంచుతారు. ఆ కాసేపు ఆ చిన్న చోటు పనిచేయదు. అక్కడ కోస్తే ఏమవుతుందో కోయకుండానే తెలుసుకోవడం అన్నమాట. ఎప్పుడు ఆనిస్తున్నారో నాకు చెప్పరు. అదే చోటిని వరసగా రెండుసార్లు తాకరు, కానీ తిరిగి వచ్చి కనీసం మూడుసార్లు చూస్తారు.

"లెక్కపెట్టండి టీచర్ గారూ" అన్నారు. ఒకటి, రెండు, మూడు అంటూ పోతున్నాను. నాలుక కుడి పక్క జివ్వుమంది. చెప్పాను. మళ్ళీ లెక్క. బొటనవేలు దానంతటదే ముడుచుకుంది, నేను ముడవలేదు. "పదకొండు, పన్నెండు" అన్నాను. పదమూడు మనసులో ఉంది, నోటికి రాలేదు. మర్చిపోవడం కాదది. అంకె అక్కడే, కళ్ళ ముందే ఉంది, పలికే దారే మూసుకుపోయింది. పరికరం తీయగానే "పదమూడు" అని అరిచినంత పని చేశాను. క్లాసులో బోర్డు ముందు నాకు జరిగింది అచ్చం ఇదే! ట్యూమర్ ఆ చోటును రెచ్చగొట్టి చేసిన పనినే ఇప్పుడు సర్జన్ కరెంటుతో చేసి చూపించారు.

అలా దొరికిన ప్రతి చోటా అంకె వేసిన చిన్న కాగితపు ముక్క పెడతారు. ఈ కాగితాల పద్ధతి పాతది. హార్వే కుషింగ్ అనే అమెరికన్ సర్జన్ 1909లోనే మెలకువగా ఉన్న రోగుల మెదడును కరెంటుతో తాకి ఎక్కడ ఏం తెలుస్తోందో అడిగాడు. కెనడాలో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే సర్జన్ దాన్ని ఒక పద్ధతిగా మార్చాడు. మూర్ఛ రోగుల ఆపరేషన్లలో వందలమందిని అలా పరీక్షిస్తూ, దొరికిన చోటల్లా కాగితాలు పెట్టి ఫోటోలు తీయించాడు. 1934లో మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది ఆయన చేతుల మీదుగానే. పెదవులు, చేతివేళ్ళు పెద్దవిగా, నడుము చిన్నదిగా ఉండే ఆ వింత మనిషి బొమ్మ సైన్సు పుస్తకాల్లో చూసే ఉంటారు. అది ఈ ఆపరేషన్లలో రోగులు "ఇక్కడ జివ్వుమంది, అక్కడ అదిరింది" అని చెప్పిన మాటల నుంచి వచ్చిందే.

నాకు నిజంగా భయం వేసింది ఈ దశలోనే. మూతి కుడి చివర అదరడం మొదలై ఆగలేదు. బుగ్గకు పాకుతోంది. మాట రావడం లేదు. ఇది కరెంటు కాదు, ఫిట్స్ మొదలైందని అర్థమైంది. "చల్లనీళ్ళు" అని సర్జన్ మామూలు గొంతుతోనే అన్నారు. మంచులా చల్లగా ఉంచిన సెలైన్‌ను మెదడు మీద పోశారు. పోసింది నాకు తెలియలేదు, చలి కూడా వేయలేదు, కానీ కొన్ని సెకన్లలో అదరడం ఆగిపోయింది. ఆ నీళ్ళు ముందే సిద్ధంగా చేతికందేలా పెట్టుకుంటారట. కాసేపు ఎవరూ ఏమీ చేయలేదు. మత్తు డాక్టరు గారు నా చెయ్యి పట్టుకుని "అయిపోయిందమ్మా" అన్నారు. కరెంటు కాస్త తగ్గించి మళ్ళీ మొదలుపెట్టారు.

మాట ఆగే చోటు అందరికీ దొరకదు కూడా. శాన్‌ఫ్రాన్సిస్కోలో మిచెల్ బెర్గర్ బృందం 2008లో ప్రచురించిన లెక్కల్లో 250 మందిలో 145 మందికే మాట ఆగిన చోటు దొరికింది. మిగతావాళ్ళకు తెరిచినంత మేర అలాంటి చోటే కనిపించలేదు. దొరకలేదన్నది కూడా ఒక సమాచారమే, అక్కడ కోయవచ్చని అర్థం. నాకు మాత్రం దొరికింది, అదీ మచ్చకు బాగా దగ్గర్లో.

ట్యూమర్ తీయడం మొదలయ్యాక చాలాసేపు విసుగే. అవును, విసుగే. అల్ట్రాసౌండ్ అదురుతో కణాల్ని విడగొట్టి పీల్చే పరికరం సన్నగా గుయ్‌మంటుంటే, నేను బొమ్మలు చెబుతూ, చెయ్యి ముడుస్తూ చాస్తూ ఉండాలి. బొమ్మలు విసుగు పుట్టినప్పుడు ఏడో ఎక్కం. "ఏడు ఆర్లు నలభై రెండు, ఏడు ఏళ్ళు నలభై తొమ్మిది." మధ్యమధ్య దూది పుల్లతో పెదాలు తడిపేవారు. పరికరం లోతుకు వెళ్ళేకొద్దీ కరెంటు పెట్టి చూడటం కూడా లోతులో జరుగుతుంది. పైన మాట చోట్లు దొరికినట్టే, లోపల వాటిని కలిపే తీగల కట్టలు ఉంటాయి.

గొడుగు బొమ్మ వచ్చింది. "ఇది గొగుడు" అన్నాను.

నాకే వినిపించింది. నవ్వొచ్చింది కూడా. మళ్ళీ చూపిస్తే సరిగ్గానే చెప్పాను. కాసేపయ్యాక నిచ్చెనకు "ఇది చిన్నెన" అన్నాను. ఆ అమ్మాయి ముఖంలో ఏమీ కనిపించనివ్వలేదు, కానీ నా వెనక ఉన్నాయనకు ఒక్క మాట అంది, "అక్షరాలు మారుతున్నాయి సార్." పరికరం శబ్దం ఆగింది. అక్షరాలు తారుమారు కావడం ఒక ప్రత్యేకమైన గుర్తు. మాట తయారయ్యే చోటుకూ వినికిడిని అర్థం చేసుకునే వెనక భాగానికీ మధ్య విల్లులా వంగి వెళ్ళే ఆర్క్యుయేట్ అనే తీగల కట్ట దగ్గరికి వచ్చేశారని అది చెబుతుంది. పేరుకు బదులు ఇంకో వస్తువు పేరు వస్తే దారి వేరు, అక్షరాలు మారితే దారి వేరు. సర్జన్‌కు నా తప్పే దిక్సూచి.

ఇంకో డాక్టరు గొంతు వినిపించింది, "సార్, ఇంకా కొంచెం ఉంది. కనిపిస్తోంది."

"కనిపించనీ. వద్దు."

నేను విన్న వాటిలో ఆ రెండు మాటలంత నైపుణ్యం ఉన్న మాటలు లేవు. కోయడం నేర్చుకున్న చెయ్యి ఆగడం ఎంత కష్టమో నాకు తెలియదు గానీ, కనిపిస్తున్న ట్యూమర్‌ను తెలిసి వదిలేయడానికి ఎంత గుండె కావాలో అర్థమైంది. రేపు స్కాన్‌లో అది మిగిలి కనిపిస్తుంది, ఎందుకు వదిలారని ఎవరైనా అడగొచ్చు. మాంపెలియేలో యూగ్ డ్యూఫో అనే ఫ్రెంచి సర్జన్ ఏళ్ళ తరబడి చెబుతూ వస్తున్నది ఇదే. స్కాన్‌లో కనిపించే అంచు దగ్గర కాదు, పని చెడే అంచు దగ్గర ఆగాలి. మాట చెడకపోతే కనిపించే మచ్చ దాటి కూడా తీయాలి, చెడితే మచ్చ మిగిలి ఉన్నా ఆగాలి. మెదడు పైపొరలో పోయిన పనిని పక్క భాగాలు కొంతవరకు అందుకుంటాయి. కలిపే కట్టలు తెగితే మాత్రం అందుకునేవాళ్ళు ఉండరు.

ఆ తర్వాత మత్తు డాక్టరు గారు "ఇక పడుకో అమ్మా" అన్నారు. కుట్లు వేసింది నాకు తెలియదు.

ఇంటర్నెట్‌లో ఇలాంటి ఆపరేషన్ల వీడియోలు చాలానే తిరుగుతుంటాయి. 2020లో లండన్ కింగ్స్ కాలేజ్ హాస్పిటల్‌లో ఒకావిడ ట్యూమర్ తీస్తుండగా వయొలిన్ వాయించింది, ప్రపంచమంతా చూసింది. వాటిని సర్కస్‌లా చూపిస్తారు గానీ, ఆవిడకు వయొలిన్ ఎంతో నాకు ఎక్కాలు అంత. ఎడమ చేతి వేళ్ళ కదలిక పోతే ఆవిడకు అస్సలు కుదరదు, దాన్ని కాపాడటానికే వాయించమన్నారు. వినోదం కోసం కాదు.

తర్వాతి రోజులు ఎవరూ వీడియో తీయరు. రెండో రోజుకు నా మాట ఆపరేషన్ థియేటర్లో కంటే బాగా తగ్గిపోయింది. వాపు వల్ల అలా అవుతుందని ముందే చెప్పారు కాబట్టి నేను తట్టుకున్నాను. మా ఆయన మాత్రం వరండాలోకి వెళ్ళి ఏడ్చారని చెల్లి తర్వాత చెప్పింది. విచిత్రం ఏమిటంటే ఏడో ఎక్కం గడగడా వచ్చేది, "దిండు పైకి జరపండి" అనే మాట వచ్చేది కాదు. చిన్నప్పటినుంచి నోటికి వచ్చినవి ఒక దారిలో వస్తాయి, కొత్తగా కట్టాల్సిన వాక్యం వేరే దారిలో రావాలి. కణత దగ్గర కండరం కోశారు కాబట్టి నోరు పూర్తిగా తెరవలేకపోయేదాన్ని. వాపుకు ఇచ్చిన డెక్సామెథసోన్‌తో రాత్రిళ్ళు నిద్ర లేదు. ఫిట్స్ రాకుండా వాడే లెవెటిరసెటమ్‌తో చిరాకు. మా ఆయన మీద కారణం లేకుండా అరిచిన సందర్భాలకు సగం బాధ్యత ఆ మాత్రదే, మిగతా సగం నాదే.

మాట వారాల మీద తిరిగి వచ్చింది. స్పీచ్ థెరపీకి వెళ్ళాను. మొదట తెలుగు తేరుకుంది, ఇంగ్లీషు వెనకబడి ఈడ్చుకుంటూ వచ్చింది. క్లాసుకు తిరిగి వెళ్ళాక కూడా బోర్డు మీద రాస్తూ మాట్లాడటం చాలాకాలం కుదరలేదు. రాసి, తిరిగి, అప్పుడు చెప్పేదాన్ని. పిల్లలు ఇదే బాగుందన్నారు, బోర్డు వైపు తిరిగి చెబితే వినిపించేది కాదట. ఇప్పటికీ సాయంత్రమయ్యేసరికి అలసిపోతే ఒక్కో మాట కోసం వెతుక్కుంటాను. కొత్తవాళ్ళెవరూ పట్టుకోలేరు, మా చెల్లి పట్టుకుంటుంది.

బయాప్సీ రిపోర్టులో ఒలిగోడెండ్రోగ్లయోమా, గ్రేడ్ 2 అని వచ్చింది. ఐడీహెచ్ అనే జన్యువులో మార్పు ఉంది, 1పీ, 19క్యూ అనే రెండు క్రోమోజోమ్ ముక్కలు లేవు. గ్లయోమాల్లో ఇది మందులకూ రేడియేషన్‌కూ బాగా లొంగే రకం. ప్రస్తుతానికి అవేవీ మొదలుపెట్టలేదు, కొన్ని నెలలకోసారి స్కాన్ తీసి చూస్తున్నారు. మిగిలిన ముక్క స్కాన్‌లో తెల్లగా కనిపిస్తూనే ఉంటుంది. మొదట్లో దాన్ని చూస్తే గుండె గుభేలుమనేది. ఇప్పుడు అది కనిపించినప్పుడు "కనిపించనీ" అనుకుంటాను.

ఎవరికైనా డాక్టర్లు ఇదే ఆపరేషన్ చెబితే, నా మాటగా రెండు మూడు సంగతులు అడగండి. ఇలాంటివి ఈ బృందం తరచుగా చేస్తుందా, ఎప్పుడో ఒకటి చేస్తుందా? మీ ముందు కూర్చుని పరీక్షించేది ఎవరు, ఆ మనిషి మీ భాష మాట్లాడతారా, ఆపరేషన్‌కు ముందు మీతో ఎంతసేపు కూర్చుంటారు? మధ్యలో మీవల్ల కాకపోతే ఏం చేస్తారు? వీటికి తడుముకోకుండా జవాబు చెప్పే చోటే చేయించుకోండి. నన్ను ధైర్యవంతురాలు అన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. అది నాకు ఒప్పుకోబుద్ధి కాదు. నాకు రాని బొమ్మ ఒక్కటి కూడా ఆ లాప్‌టాప్‌లో లేకుండా చూసింది ఆ అమ్మాయి, ఇక ధైర్యంతో పనేముంది?

ట్యూమర్ మళ్ళీ పెరిగితే మళ్ళీ తెరవాల్సి రావచ్చు. అప్పటికి మెదడు తన పనుల్ని కొంత అటూ ఇటూ సర్దుకుని ఉంటే, ఈసారి ఆగిన చోటు దాటి వెళ్ళగలిగే అవకాశం ఉందని సర్జన్ అన్నారు. మళ్ళీ మెలకువగానే చేస్తారట. "ఒప్పుకుంటావా?" అని మా ఆయన కారులో అడిగారు. ఒప్పుకుంటాను, కానీ కుడి భుజం కింద మంచి దిండు పెడితేనే అన్నాను.